నీలం గుడ్డ కట్టిన ట్యాంకు

అక్క నవ్ఫా నా ఇంట్లో దాక్కుని ఆ మంగళవారానికి ఇరవై రెండు రోజులు. ఏడో నెల కడుపుతో, కుడిచేతికి పిండికట్టుతో, జర్ఖా నుంచి ఒంటరిగా బస్సెక్కి వచ్చింది. ఆమె భర్త ఘాలిబ్ మొదట మా ఊరు తఫీలా వెళ్ళి మా నాన్న ఇంట్లో వెతికాడు. తర్వాత అమ్మాన్‌లో నేను పనిచేసే పసిపిల్లల బడి గేటు దగ్గరికి వచ్చి, కాపలాదారుతో నవ్వుతూ మాట్లాడి, నేను ఏ కొండ మీద ఉంటున్నానో కనుక్కుని వెళ్ళాడు. నాన్న అక్కని ఇప్పటికే రెండుసార్లు అతనికి అప్పగించాడు. మూడోసారి అప్పగించడానికి ఇక నేనొక్కదాన్నే మిగిలాను.

నేనుండేది నాలుగంతస్తుల ఇంటి అడుగు వాటాలో. ఒక గది, వంటకి ఒక మూల, వీధి తలుపు పక్కనే స్నానాల గది. ఒక్క ఆడపిల్లకని అద్దెకిచ్చిన ఇంట్లో ఇద్దరం ఒక్కరిలా బతకడం నేర్చుకున్నాం. టీ ఒకే గ్లాసులో తాగాం. ఒకరి చప్పుడే వినిపించాలని ఒకరి వెనక ఒకరం అడుగు కలిపి నడిచాం. దగ్గొస్తే అక్క నా దిండులో దగ్గేది. అన్నీ సగం చేసుకోగలిగాం గానీ నీళ్ళు మాత్రం సగం కాలేదు.

మా కొండకి వారానికి ఒక్కసారి, మంగళవారం మధ్యాహ్నం నీళ్ళు వదులుతారు. మేడ మీద వాటాకొకటి చొప్పున ఎనిమిది ట్యాంకులు. వారమంతా ఆ ట్యాంకుతోనే గడవాలి. ఇంటి యజమానురాలు ఉమ్ నాయెఫ్ రోజూ సాయంత్రం మేడెక్కి, ఒక్కొక్క ట్యాంకునీ వేలి కణుపులతో కొట్టి, ఎవరిది ఎంతవరకు దిగిందో చెవితో తెలుసుకునేది. శుక్రవారం నాది కొట్టి నేరుగా నా తలుపు దగ్గరికొచ్చింది.

"ఏమే ఖుజామా, మా రెండో అంతస్తు వాళ్ళు ఆరుగురు. వాళ్ళకి ఇంకా సగం ట్యాంకుంది. నువ్వొక్కదానివి, నీది పావుకి దిగింది. ఒంటెని కడుగుతున్నావా లోపల?"

"కుళాయి కారుతోంది ఖాల్తీ" అన్నాను. పెద్దావిడ ఎవరైనా మాకు ఖాల్తీయే, పిన్నిలాగా. అది నిజమే. స్నానాల గది గోడ కుళాయి చుక్క చుక్కగా కారేది. కానీ చుక్కలతో ట్యాంకు ఖాళీ కాదని ఆవిడకి తెలుసు, నాకూ తెలుసు.

"సరే. మా అన్న కొడుకు మహ్దీ ప్లంబరే కదా. మంగళవారం మధ్యాహ్నం జొహర్ నమాజు కాగానే తీసుకొస్తా. నువ్వొక్కదానివున్న ఇంట్లోకి మగాణ్ణి పంపనులే, వాడు పని చేసినంతసేపూ నేనూ కూర్చుంటా."

నా గదిలో మనిషి దాక్కునే చోటు ఒక్కటీ లేదు. బీరువాలో అక్క పట్టదు, కడుపు అడ్డం. అందుకే మంగళవారం పొద్దున బడికి జ్వరమని చెప్పి, కుళాయి నేనే మార్చేయాలని నిశ్చయించుకున్నాను. బిగించి, చేతులు తుడుచుకుని, మెట్ల మీదే ఎదురెళ్ళి 'అయిపోయింది ఖాల్తీ, మీకెందుకు శ్రమ' అని చెప్పి, అక్కడే కాఫీ ఇచ్చి పంపేయాలి. సాదా కాఫీ కాచి ఫ్లాస్కులో పోసి, కప్పులతో సహా తలుపు పక్క పీట మీద పెట్టాను కూడా.

"కుళాయి బాగైపోతే వచ్చే శుక్రవారం ఏం చెప్తావే?" అంది అక్క.

నేను కొత్త కుళాయి పొట్లం విప్పాను.

మా నాన్న దానిమ్మ తోటకి నీళ్ళు కట్టేటప్పుడు పైపులకి పానా అందించింది నేనే. కుళాయి ఎటు తిప్పితే వదులవుతుందో, మరలకి తెల్ల టేపు ఎటు చుట్టాలో నాకు తెలుసు. తెలియనిదల్లా పట్నం మేడ సంగతి. ఇంట్లోపలి వాల్వుకి పిడి ఎప్పుడో విరిగిపోయింది, కాబట్టి నీళ్ళు మేడ మీదే ఆపాలి. ఇంట్లో చేరిన రోజు ఉమ్ నాయెఫ్ చూపించిన గుర్తు నీలం గుడ్డ. పన్నెండుకి ఇరవై నిమిషాలుందనగా మేడెక్కి, నీలం గుడ్డ చుట్టిన పైపు దగ్గర వాల్వు బిగించి దిగాను.

కుళాయి తిప్పి చూశాను. దారంలా సన్నగా కారింది. నాలుగంతస్తుల పైపు కదా, మిగిలిన నీళ్ళు దిగుతున్నాయనుకున్నాను. మా ఊరి నీళ్ళకి సున్నం తక్కువ. ఇక్కడి నీళ్ళలోని సున్నం కుళాయి నోట్లో రాయిలా పేరుకుని, పూర్తిగా తెరిచినా దారమే వస్తుందన్న సంగతి రోజూ చూస్తూ కూడా ఆ క్షణాన మరిచిపోయాను.

"కంగారు పడకు. మెల్లగా" అంది అక్క. ఎడమచేత్తో టార్చి పట్టుకుని నా భుజం పక్కన నిలబడింది.

పానా బిగించి ఎడమకి లాగాను. కదల్లేదు. గోడకి కాలు తన్నిపెట్టి రెండు చేతులా లాగాను. కీచుమంది, కొంచెం తిరిగింది, తర్వాత ఒక్కసారిగా తేలిపోయింది. కుళాయి నా చేతిలోకి వచ్చేసింది. మరలున్న వెనక భాగం మాత్రం విరిగి గోడలోనే ఉండిపోయింది.

ఆ వెంటనే నీళ్ళు.

గోడలోంచి తిన్నగా ఎగిరి ఎదురుగా ఉన్న తలుపు దాటి గదిలో పడ్డాయి. టార్చి ఎటో పోయింది. కొత్త కుళాయి తీసి ఆ రంధ్రంలో తిప్పబోయాను. లోపల విరిగిన ముక్క అడ్డం. తువ్వాలు కుక్కితే తువ్వాలు తిరిగి నా మొహాన కొట్టింది. నీళ్ళు వీధి తలుపు కిందనుంచి బయటికి పోవడం కనిపిస్తోంది గానీ ఏం చేయాలో తోచడం లేదు. మా ఇద్దరిలో అరవడానికి ఎవరికీ హక్కు లేదు. నోళ్ళు మూసుకుని ఆ నీళ్ళతో పెనుగులాడాం.

అప్పుడు అక్క నన్ను పక్కకి నెట్టి, కడుపు గోడకి ఆనేలా మోకాళ్ళ మీద కూర్చుని, ఎడమచేతి బొటనవేలు ఆ రంధ్రానికి అడ్డం పెట్టి గట్టిగా నొక్కింది. నీళ్ళు ఆగాయి. ఆమె వేలి పక్కనుంచి ఒక్క తీగ మాత్రం సన్నగా కారుతోంది.

"పైకి పో. మళ్ళీ చూడు వాల్వు" అంది గుసగుసగా. "ఎంతోసేపు పట్టలేను."

నేను గడప దాకా వచ్చానో లేదో తలుపు మీద అరచేత్తో బాదిన చప్పుడు.

"ఖుజామా! తలుపు తియ్యి!"

ఉమ్ నాయెఫ్. పన్నెండు ఇంకా కాలేదు.

"ఖాల్తీ, తల తడిగా ఉంది, ఒక్క నిమిషం..."

"నీ తల తడిగా ఉందా? నా తల చూద్దువుగాని రా! నెత్తినిండా గోరింటాకు పెట్టుకుని కడుక్కుందామని కూర్చుంటే మగ్గెడు నీళ్ళు పడి ఆగిపోయాయి. పైన నా వాల్వు ఎవరు కట్టారే? నీ గడప కింద నుంచి వాగు పారుతోంది, నా కుళాయిలో చుక్క లేదు. తియ్యి!"

తియ్యకపోతే మేడంతా దిగివస్తుంది. గొళ్ళెం తీసి తలుపు సందుకి అడ్డంగా నిలబడ్డాను. ఆవిడ తలకి ప్లాస్టిక్ సంచి చుట్టుకుంది. చెవుల వెంట ఆకుపచ్చగా కారి నుదుటి మీద ఎండిపోయింది. వేరే ఏ రోజైనా నవ్వు ఆపుకోలేకపోయేదాన్ని.

"కుళాయి నేనే మారుద్దామనుకున్నా ఖాల్తీ. విరిగింది. ఇప్పుడు ఆగిపోయింది. మీరు పైకి వెళ్ళండి, నేను వచ్చి మీ వాల్వు తెరుస్తా."

ఆవిడ కదల్లేదు. నా వెనక గచ్చు మీద నిలిచిన నీళ్ళని చూసింది, నా చేతిలో విరిగిన కుళాయిని చూసింది. తర్వాత ట్యాంకు దగ్గర ఎలా తలవంచి వింటుందో అలాగే తలవంచి వింది.

"నువ్వు కట్టింది నా వాల్వు" అంది నెమ్మదిగా.

"అవును ఖాల్తీ, పొరపాటు..."

"అంటే నీది తెరిచే ఉంది."

నేను విరిగిన కుళాయిని వీపు వెనక్కి దాచాను.

"కుళాయి నీ చేతిలో ఉంది. నువ్వు నా ఎదురుగా ఉన్నావు. మరి ఆ నీళ్ళని పట్టుకున్నదెవరు?"

ఆవిడ నన్ను తోయలేదు, కేకవెయ్యలేదు. చేత్తో మెల్లగా పక్కకి జరిపి, చెప్పులు తడిసినా లెక్కచెయ్యకుండా రెండడుగులు వేసి స్నానాల గది గుమ్మంలో నిలబడింది.

అక్క తల తిప్పి చూసింది. లేవడానికి లేదు, దాక్కోవడానికి లేదు. వేలు తీస్తే నీళ్ళు, ఉంచితే ఆవిడ. జుట్టంతా మొహానికి అంటుకుపోయి, తడి బట్టల్లో కడుపు స్పష్టంగా కనిపిస్తూ, పిండికట్టు కట్టిన చేతిని తడవకుండా పైకెత్తి పట్టుకుని ఉంది.

"ఎవరు?" అని ఉమ్ నాయెఫ్ అడిగింది నన్ను.

"మా అక్క."

"పెళ్ళయిందా?"

"అయింది."

"ఎన్నో నెల?" ఈసారి అక్కనే అడిగింది.

"ఏడు."

"చెయ్యికేమయింది?"

"మెట్ల మీద జారాను" అంది అక్క. అందరికీ చెప్పి చెప్పి ఆ మాట ఆమె నోట్లో అరిగిపోయింది.

"ఎవరింటి మెట్లు?"

అక్క మళ్ళీ గోడవైపు తిరిగింది. నీళ్ళ తీగ ఆమె మోచేతి మీదుగా కారుతూనే ఉంది. గోడతోనే అంది.

"మా ఇంటికి మెట్లు లేవు ఖాల్తీ."

ఉమ్ నాయెఫ్ గుమ్మం పట్టుకుంది. ఆవిడ మెట్లెక్కగలదు గానీ కింద కూర్చునేంతగా మోకాళ్ళు వంగవు. నమాజు కూడా కుర్చీలో కూర్చునే చేస్తుంది. గుమ్మం పట్టుకుని అలాగే నిలబడి, తనకి తానే చెప్పుకుంటున్నట్టు అంది.

"అయితే ఆదివారం వచ్చింది వాడేనన్నమాట."

"ఎవరు?" అన్నాను. ఎవరో తెలిసే అడిగాను.

"బూడిదరంగు కోటు. ఎంత మర్యాద! స్వీటు పెట్టె తెచ్చాడు. 'మా మరదలు మీ ఇంట్లో ఉంటోంది ఖాల్తీ, నాలుగు మాటలు మాట్లాడాలి, తలుపు తీయించండి' అన్నాడు. ఒంటరి పిల్ల తలుపు మగాడికి తీయించను నాయనా అన్నాను. కాఫీ ఇచ్చాను. కప్పు కింద పెట్టాడు."

అక్క భుజాలు బిగుసుకుపోవడం నేను చూశాను.

మా వైపు ఎవరైనా కోరికతో వస్తే కాఫీ కప్పు తాగకుండా ఎదురుగా పెట్టుకుంటారు. అడిగింది ఇస్తానన్న తర్వాతే తాగుతారు. తాగిన తర్వాత ఇక ఆ మాటకి తిరుగులేదు. మాట తప్పితే ఆ ఇంటి కాఫీ ఇంకెవరూ ముట్టుకోరు.

"మాట ఇచ్చారా?" అన్నాను.

"ఇచ్చాను. మంగళవారం జొహర్ కాగానే ప్లంబరుతో నేనూ ఆ ఇంట్లోనే ఉంటా, అప్పుడు రా, నా ఎదురుగా మాట్లాడుకో అన్నాను. నీ పరువు కాపాడుతున్నాననే అనుకున్నానే పిల్లా! తాగాడు. ఒక్క గుటకలో."

గోడ మీది గడియారం చూశాను. పన్నెండుకి అయిదు నిమిషాలు.

"మరి ఇప్పుడు..."

"ముందు నీళ్ళు" అంది ఆవిడ గట్టిగా. "నీలం గుడ్డ నాది. పోయిన నెల కొత్త ట్యాంకు పెట్టినప్పుడు పైపు కారుతోందని మహ్దీ ఆ గుడ్డే తీసి నా దానికి చుట్టాడు. నీది గోడ పక్క నుంచి మూడోది. నాది తెరువు, నీది కట్టు. నేను కింద కూర్చోలేను, ఈ పిల్ల వేలు తియ్యలేదు. నువ్వు కడితే తప్ప ఇది ఇక్కణ్ణుంచి కదల్లేదు. పరుగెత్తు!"

"మీరు అతనికిచ్చిన మాట, ఖాల్తీ?"

ఆవిడ నావైపు చూడలేదు. పీట మీద ఫ్లాస్కునీ కప్పులనీ చూస్తోంది.

నాలుగంతస్తులు ఎలా ఎక్కానో నాకు తెలియదు. మూడో అంతస్తులో ఉండగా జొహర్ అజాన్ మొదలైంది. మేడ మీద ఎండ కళ్ళలో పొడిచింది. ముందు నీలం గుడ్డ వాల్వు తెరిచాను. గోడ పక్క నుంచి ఒకటి, రెండు, మూడు. దాని చక్రం తుప్పు పట్టి బిగిసిపోయింది. తలగుడ్డ అంచు చేతికి చుట్టుకుని తిప్పాను. కదల్లేదు. ఆ మొండి చక్రం మీద వేలాడుతూ పిట్టగోడ మీదుగా సందులోకి చూశాను.

మా గడప దాటిన నీళ్ళు సందులో వాలు వెంట కిందికి పారుతున్నాయి. ఎండకి మెరుస్తూ, కిరాణా కొట్టు దాటి, మలుపు దాకా. ఆ మలుపులో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. బూడిదరంగు కోటు. ఒక చేతిలో తాడు కట్టిన స్వీటు పెట్టె. బూట్లు తడవకుండా కాలు పక్కకి తీసి, నీళ్ళని చూసి, అవి ఎక్కణ్ణుంచి వస్తున్నాయో కళ్ళతోనే వెనక్కి వెతుక్కుంటూ వచ్చి, మా తలుపు దగ్గర చూపు ఆపాడు.

నేను పిట్టగోడ వెనక్కి వంగిపోయాను. తలుపు. పరుగెత్తుకొచ్చేటప్పుడు తలుపు బార్లా తెరిచే వచ్చాను.

దిగి పరుగెడితే అతను నాకన్నా ముందే చేరతాడు. కేకవేస్తే తలెత్తి చూస్తాడు. నేను చేయగలిగింది చేతిలో ఉన్న చక్రం ఒక్కటే. అక్క వేలు ఆ గోడ నుంచి విడిపించాలంటే అదొక్కటే దారి. దేవుడి పేరు తలుచుకుని ఒళ్ళంతా బరువేసి తిప్పాను. అరచేయి చిట్లింది. చక్రం మూలిగి, కదిలి, ఒక్కొక్క వేలెడు తిరుగుతూ చివరికి బిగిసింది.

ఆ నాలుగంతస్తుల్లోని స్నానాల గదులన్నిటి కిటికీలూ మధ్యలో గాలి కోసం నిలువుగా వదిలిన గాలి బావిలోకి తెరుచుకుంటాయి. మేడ మీద దాని నోరు, అడుగున మా కిటికీ; కింది ప్రతి చప్పుడూ పైదాకా వినిపిస్తుంది. దాని అంచున బోర్లా పడుకుని వీలైనంత మెల్లగా పిలిచాను.

"అక్కా, వదిలెయ్."

తర్వాత అడుగునుంచి ఊపిరిలాంటి మాట. "ఆగింది."

ఆ వెంటనే స్నానాల గది తలుపు దగ్గరికి వేసిన చప్పుడు, లోపలి గడియ పడిన చప్పుడు. ఆపైన, తలుపు తెరిచే ఉన్నా మర్యాదగా మూడుసార్లు తట్టిన చప్పుడు.

"అస్సలాము అలైకుమ్ ఖాల్తీ. మాట ప్రకారం, కాస్త ముందే వచ్చాను. ఏమిటిన్ని నీళ్ళు?"

ఆ గొంతు నాకు తెలుసు. అక్క పెళ్ళినాడు మా అమ్మని 'ఇక మీరు నిశ్చింతగా ఉండండి' అన్న గొంతు. అప్పుడూ అంత మెత్తగానే ఉంది.

"వఅలైకుమ్ అస్సలామ్. కుళాయి విరిగింది. పిల్ల మహ్దీ కోసం ఎదురుచూస్తూ పైకెళ్ళింది" అంది ఉమ్ నాయెఫ్. "రా నాయనా, లోపలికి రా. నీకోసమే చూస్తున్నా. తలుపు తీయిస్తానన్నాను, తీసే ఉంది చూడు. మాట నిలబెట్టుకున్నాను."

అంచు రాతిని పట్టుకున్న నా వేళ్ళు తెల్లబడ్డాయి. గడియ అవతల అక్క అయిదడుగుల దూరంలో ఊపిరి బిగబట్టి ఉంటుంది.

"దేవుడు మీ ముఖం వెలిగించాలి. నా మరదలొక్కతే ఉంటుందా ఖాల్తీ ఇక్కడ?"

"కూర్చో. కాఫీ వేడిగా ఉంది."

ఫ్లాస్కు మూత తిప్పిన చప్పుడు. కప్పులో పోసిన చప్పుడు. మళ్ళీ ఇంకో కప్పులో. అతను తాగి ఉంటాడు, "మీ చేతులు చల్లగా ఉండాలి" అన్నాడు. తర్వాత, "మీరు తాగరేం ఖాల్తీ?"

తర్వాత చిన్న చప్పుడు. పింగాణీ కప్పు గచ్చు మీద ఆనినట్టు.

"తాగను నాయనా" అంది ఉమ్ నాయెఫ్. "ఆదివారం నా ఇంట్లో నువ్వు కింద పెట్టావు కదా. ఈ రోజు నేను పెడుతున్నా. నాకూ నీతో ఒక కోరికుంది. నువ్వు మాట ఇస్తేనే తాగుతా."

అతను నవ్వాడు. తొందరేమీ లేనివాడిలా నవ్వాడు.

"అడగండి ఖాల్తీ."

నేను ఇంకా కిందికి వంగాను. ఆవిడ నోరు విప్పి "నీ భార్య జోలికి ఇక..." అనడం విన్నాను.

అప్పుడే నా వెనక పైపులు వణికాయి. లోపల గాలి బుసకొట్టింది. మా కొండకి నీళ్ళు వదిలారు. ఎనిమిది ట్యాంకుల్లోనూ ఒక్కసారిగా నీళ్ళు విరుచుకుపడ్డాయి. దాదాపు ఖాళీ అయిన నా ట్యాంకు అన్నిటికన్నా పెద్దగా మోగింది. ఆ హోరులో ఆవిడ ఏమడిగిందో, అతను ఏమన్నాడో వినపడలేదు.

ఆ హోరులో నాకు కనిపించింది ఒక్కటే: గాలి బావి అడుగున మా స్నానాల గది కిటికీ రెక్క మెల్లగా తెరుచుకుంది. అందులోంచి పిండికట్టు కట్టిన చెయ్యి బయటికి వచ్చి, పట్టుకోమన్నట్టు పైకి, నావైపు చాచుకుంది.